ఇంట్లో మ్యూస్లీ కలుపుకోవడం - ఏది ఎంత వెయ్యాలి, వేయించాలా వద్దా, ఎన్నాళ్లు ఉంటుంది?

వానచినుకు:

హాయ్ అండీ అందరికీ. మా ఇంట్లో పొద్దున్నే తినడానికి కొన్నాళ్లుగా మ్యూస్లీ అలవాటైంది, స్టవ్ వెలిగించే పని లేదు, గిన్నెలో వేసి పాలు పోసుకుంటే అయిపోతుంది కదా అని. మొన్న ఊరికే డబ్బా తిప్పి వెనకాల చదివా. ఓట్స్ తర్వాత రెండో పేరే పంచదార, ఇంకాస్త కింద గ్లూకోజ్ సిరప్, ఆ కింద తేనె. ముందువైపు మాత్రం ఇంతింత అక్షరాల్లో గుండెకి మంచిదని. ఇంక లాభం లేదు, ఇంట్లోనే కలుపుకుందాం అనుకున్నా.

వెతికితే ఒక్కొక్కళ్లు ఒక్కోలా చెప్తున్నారు. ఒకళ్లు వేయించాలంటారు, ఇంకొకళ్లు వేయిస్తే పోషకాలు పోతాయంటారు, ఒకావిడైతే కప్పు తేనె అరకప్పు నూనె పోసి ఓవెన్‌లో పెట్టి దానికి షుగర్ ఫ్రీ అని పేరు పెట్టింది!! నా డౌట్లు ఇవీ. ఏది ఎంత వెయ్యాలి, ఏ ఓట్స్ కొనాలి, ఓవెన్ లేకపోతే ఎలా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది. ఇంకోటి, మా నాన్నగారికి షుగర్ ఉంది, మా బాబుకి మూడేళ్లు, వీలైతే ఇద్దరికీ పనికొచ్చేలా ఉండాలి. చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, పెద్ద పోస్ట్ అయినా ఓపిగ్గా చదువుతా.

గింజలడబ్బా:

వానచినుకు గారూ, ముందు ఆ లేబుల్ సంగతి చెప్తా, ఎందుకంటే అది అర్థమైతే ఇంట్లో ఏం చెయ్యకూడదో కూడా అర్థమవుతుంది. లోపల ఏమేం వేశారో బరువు ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలని చాలా దేశాల్లో రూల్ ఉంది. తీపంతా పంచదార ఒక్కదాని పేరు మీదే ఉంటే అది లిస్టులో పైకి వచ్చేస్తుంది, అదే పంచదార కొంత, సిరప్ కొంత, తేనె కొంత, పండ్లరసం కాన్సంట్రేట్ కొంత అని విడగొడితే ఒక్కోటి విడివిడిగా కిందకి జారిపోతుంది. మీ డబ్బాలో మూడు పేర్లున్నాయి అంటున్నారు, ఆ మూడూ కలిపి చూసుకోండి ఎంతవుతుందో. దాంతోపాటు క్రాన్‌బెర్రీ లాంటి ఎండు పండ్లకి కూడా సాధారణంగా పంచదార పట్టించే ఉంటారు, అరటి చిప్స్ అయితే నూనెలో వేయించినవే ఎక్కువ. అవి కొని తెచ్చి మన డబ్బాలో పోసుకుంటే బయటి మ్యూస్లీకి మన మ్యూస్లీకి తేడా ఏం ఉండదు.

ఇక కొలతలు. నేను అరకిలో చొప్పున కలుపుతా. ఓట్స్ 300 గ్రాములు, బాదం వాల్‌నట్స్ లాంటి పప్పులన్నీ కలిపి 100, గుమ్మడి పొద్దుతిరుగుడు లాంటి గింజలు 50, ఎండు పండ్లు 50. అంతే. ఇందులో 50 గ్రాములు తీసుకుంటే సుమారుగా 215-220 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్, 5 గ్రాముల దాకా పీచు వస్తాయి, పాలో పెరుగో కలిపితే ప్రోటీన్ ఇంకాస్త పెరుగుతుంది.

దయచేసి మొదటిసారి తూకం వేసి చెయ్యండి, కప్పులతో వద్దు. కప్పు ఓట్స్ 80-90 గ్రాములే తూగుతుంది, అదే కప్పు నిండా కిస్‌మిస్ నొక్కకుండా పోసినా 150 దగ్గర ఉంటుంది. నాలుగు కప్పుల ఓట్స్‌కి ఒక కప్పు కిస్‌మిస్సే కదా అనిపిస్తుంది, తూకంలో చూస్తే అది రెండుంపావుకి ఒకటి. కిస్‌మిస్‌లో సగం పైన చక్కెరే. ఇంట్లో చేసింది కూడా తియ్యగా అయిపోతోంది, బరువు పెరుగుతున్నాం అని చాలామంది అనేది ఇక్కడే. పప్పులకీ ఇదే మాట, బాదం 100 గ్రాములకి 580 కేలరీల దాకా ఉంటుంది, ఆరోగ్యం కదా అని గుప్పిళ్లతో పొయ్యకూడదు.

ఓట్స్ విషయానికొస్తే రోల్డ్ ఓట్స్ తీసుకోండి, వెడల్పుగా పలకల్లా ఉండేవి. స్టీల్ కట్ అని ఉండేవి తరిగిన నూకలాంటివి, ఉడికించకపోతే పళ్లకి పని. ఇన్‌స్టంట్‌వి మరీ పల్చగా నలిపేసి ఉంటాయి, పాలు పొయ్యగానే జావ అవుతాయి. మీ నాన్నగారికైతే ఆ ఇన్‌స్టంట్ రకం అస్సలు వద్దు, రోల్డ్ వాటికంటే షుగర్ త్వరగా పెంచుతుంది. ఓట్స్‌లో కొంత తగ్గించి బార్లీ ఫ్లేక్స్, రై ఫ్లేక్స్, జొన్న ఫ్లేక్స్ కలిపినా బాగుంటుంది, నమిలేటప్పుడు అన్నీ ఒకేలా లేకుండా. కార్న్‌ఫ్లేక్స్ మాత్రం నేను వెయ్యను, కరకర తప్ప అందులో పీచూ లేదు పాడూ లేదు.

బద్ధకంబాబు:

మీరంతా మరీ కష్టపెట్టేసుకుంటున్నారు అనిపిస్తోంది బాసూ. నేనైతే ప్యాకెట్ చింపి ఓట్స్ డబ్బాలో పోస్తా, పప్పులు కత్తిరించి వేస్తా, మూత పెట్టి ఊపుతా, అయిపోయింది. వేయించడం గీయించడం ఏం లేదు. రోల్డ్ ఓట్స్ ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టించి నలుపుతారు కాబట్టి అవి పచ్చివి కావు, నేరుగా తినొచ్చు. అసలు మ్యూస్లీ అంటేనే అది కదా, నూనె తేనె పట్టించి ఓవెన్‌లో పెడితే అది గ్రనోలా. ఆ షుగర్ ఫ్రీ ఆవిడ చేసింది గ్రనోలా, పేరు కూడా తప్పు పెట్టింది 😄

సన్నసెగ:

బద్ధకంబాబు చెప్పింది కరెక్టే, వేయించకపోయినా తినొచ్చు, రాత్రే నానబెట్టుకునేవాళ్లకి వేయించాల్సిన అవసరం అసలు లేదు. కానీ పొద్దున అప్పటికప్పుడు పాలు పోసుకుని తినేవాళ్లకి మాత్రం వేయించింది వేరు, వేయించంది వేరు. వేయించనిది అట్టముక్క నమిలినట్టు ఉంటుంది, నాలుగు రోజులు తిని ఐదో రోజు డబ్బా పక్కన పెట్టేస్తారు. పోషకాలు పోతాయన్న మాటకి భయపడకండి, సన్నటి సెగ మీద కాసేపు వేయిస్తే కొన్ని విటమిన్లు కొద్దిగా తగ్గుతాయేమో గానీ పీచు, ప్రోటీన్, ఖనిజాలు ఎక్కడికీ పోవు.

ఓవెన్ లేకపోతే ఏం పర్లేదు, అడుగు మందంగా ఉన్న బాండీ చాలు. అన్నీ కలిపి ఒకేసారి వెయ్యకండి, ఒక్కోదానికి ఒక్కో టైం పడుతుంది. ముందు పప్పులు. బాదం ముక్కలు చేసుకుని సిమ్‌లో కదుపుతూ ఉంటే అంచులు లేత గోధుమరంగుకి వస్తాయి, అప్పుడు తీసెయ్యాలి, ఎందుకంటే ప్లేట్లోకి తీశాక కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతుంది. తర్వాత గుమ్మడి గింజలు, ఇవి సరదాగా ఉంటాయి, చదునుగా ఉన్న గింజ వేడెక్కగానే పొట్ట ఉబ్బి టప్ టప్ మని చిన్నగా పేలుతుంది, నాలుగైదు అలా పేలాయంటే మిగతావి కూడా అయిపోయినట్టే. నువ్వులైతే నిమిషం, నిమిషంన్నర, కళ్లు పక్కకి తిప్పకూడదు. కొబ్బరి తురుము వేస్తే అది కూడా అంతే, తెల్లగా ఉంది తెల్లగా ఉంది అనుకుంటుండగానే నల్లబడుతుంది.

చివర్లో ఓట్స్. బాండీలో పల్చగా పరుచుకునేంత మాత్రమే వెయ్యండి, ఎక్కువ పోస్తే కిందవి మాడి పైవి పచ్చిగా ఉంటాయి. ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఓట్స్‌లో రంగు చూసి తీద్దాం అంటే కుదరదు, రంగు పెద్దగా మారదు, మారిందంటే అప్పటికే లేటు. వాసన చూడాలి. మొదట్లో పిండి వాసన వస్తుంది, ఉన్నట్టుండి అది పోయి కమ్మటి వాసన మొదలవుతుంది, గరిటెతో తిప్పుతుంటే కూడా మెత్తని చప్పుడు పోయి గలగలమంటుంది. అప్పుడు దించి, వేడి మీదే దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు చల్లి కలపండి. ఆ చిటికెడు ఉప్పు మర్చిపోవద్దు, పంచదార లేని లోటు సగం అదే తీరుస్తుంది. ఓవెన్ ఉన్నవాళ్లు 150 డిగ్రీల దగ్గర 15-20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలియబెట్టి.

ఇంకో ముఖ్యమైన విషయం, గోరువెచ్చగా ఉన్నా సరే డబ్బాలో పొయ్యకండి. మూత పెట్టగానే లోపల ఆవిరి పట్టి గోడలకి చెమ్మ వస్తుంది, అక్కడితో కరకర పోయింది. పెద్ద పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి.

వానచినుకు:

అబ్బా ఎంత వివరంగా చెప్పారండీ, థాంక్యూ థాంక్యూ. గింజలడబ్బా గారూ ఆ కిస్‌మిస్ తూకం సంగతి నాకు అసలు తట్టలేదు, నేను సగం కప్పు అనుకుని రాసిపెట్టుకున్నా. ఇంకో డౌట్, మా ఫ్రెండ్ చేసింది వారం తిరక్కుండానే మెత్తబడింది, అందులో కిస్‌మిస్ మాత్రం రాళ్లలా అయ్యాయి, మూత టైట్‌గానే ఉందంట. అదెందుకు? అలాగే నాన్నగారి గురించి, బాబు గురించి ఎవరైనా చెప్తారా.

గింజలడబ్బా:

మూత తప్పు కాదండీ, చెమ్మ బయట్నుంచి రాలేదు, లోపల కిస్‌మిస్ దగ్గర్నుంచే వచ్చింది. కిస్‌మిస్ ఎండినట్టు కనిపిస్తుంది గానీ అందులో ఇంకా 15 శాతం దాకా నీరుంటుంది, వేయించిన ఓట్స్‌లో దాదాపు ఏమీ ఉండదు. రెండింటినీ ఒకే డబ్బాలో మూసిపెడితే తడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి చెమ్మ మెల్లగా పాకి రెండూ ఒకచోటికి వస్తాయి, అందుకే ఓట్స్ మెత్తబడ్డాయి, కిస్‌మిస్ రాయి అయింది. ఖర్జూరం, అంజీర్ లాంటి మెత్తటి పండ్లైతే ఇంకా తొందరగా. దీనికి మందు ఒక్కటే, ఎండు పండ్లు వేరే చిన్న సీసాలో పెట్టుకుని తినేముందు గిన్నెలో వేసుకోవడం. ఇంకో లాభం కూడా ఉంది, మీ నాన్నగారికి వెయ్యకుండా మీకు మాత్రం వేసుకోవచ్చు.

పళ్లెంలెక్క:

నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నా, నాన్నగారి విషయం చెప్తాను. షుగర్ ఉన్నవాళ్లు మ్యూస్లీ తినొచ్చు, కానీ మూడు జాగ్రత్తలు. ఒకటి, పొడిగా ఉన్నప్పుడే 40 నుంచి 50 గ్రాములు తూచి, అది ఏ గిన్నెలో ఎంతవరకు వస్తుందో ఒకసారి చూపించండి, ఇక రోజూ తూచక్కర్లేదు. పెద్దగిన్నె తీసుకుంటే చెయ్యి ఆగదు, 50 అనుకున్నది 90 అవుతుంది. రెండు, ఎండు పండ్లు వద్దు, ముఖ్యంగా ఖర్జూరం. తేనె, బెల్లం కూడా చక్కెర కిందే లెక్క, సహజమైనది కదా అని ఒంటికి వేరేగా తెలియదు. తీపి కావాలంటే సగం ఆపిలో కాసిని బెర్రీలో తాజావి. మూడు, పాల కంటే తీపి కలపని పెరుగు మేలు, చిక్కటి పెరుగైతే ప్రోటీన్ ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. మొదటి నాలుగైదు సార్లు తిన్న రెండు గంటలకి ఇంట్లో మీటర్‌తో చెక్ చేసుకోమనండి, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆ అంకె చూసి కొలత తగ్గించడమో ఉంచడమో తేలుతుంది. ఇన్సులిన్ మీద గానీ షుగర్ బాగా తగ్గించే మాత్రల మీద గానీ ఉంటే ఉదయం తిండి మార్చేముందు వాళ్ల డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

కొలెస్ట్రాల్ గురించి మీరు అడగలేదు గానీ ఆ డబ్బా మీద గుండెకి మంచిదని ఉందన్నారు కాబట్టి చెప్తున్నా. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది, రోజుకి 3 గ్రాములు తింటే కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయం చేస్తుంది, అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లోనే ప్యాకెట్ల మీద ఈ మాట రాసుకోడానికి అనుమతి ఇచ్చింది. మరి 50 గ్రాముల మ్యూస్లీలో ఓట్స్ 30 గ్రాములే, అంటే వచ్చేది ఒక గ్రాము, కాస్త పైన. మూడు గ్రాములు రావాలంటే 75 గ్రాముల దాకా ఓట్స్ తినాలి. కాబట్టి మ్యూస్లీ ఒక్కదానితో కొలెస్ట్రాల్ దిగిపోతుందని ఎదురుచూడొద్దు. గిన్నెలో ఒక చెంచా ఓట్ బ్రాన్, అంటే ఓట్స్ తవుడు వేసుకుంటే కొంచెం పెరుగుతుంది, అందులో ఈ పీచు శాతం ఎక్కువ.

బాబుకి మూడేళ్లు అన్నారు కదా, పప్పులు ముక్కలుగా అస్సలు వెయ్యొద్దండీ. ఐదేళ్లలోపు పిల్లలకి బాదం, పల్లీ లాంటివి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పొడి చేసి కలపండి, లేకపోతే పప్పుల వెన్న ఒక చెంచా పాలల్లో గిలకొట్టి దాంట్లో ఓట్స్ నానబెట్టండి. కిస్‌మిస్ కూడా నానబెట్టి సగానికి కోసి. ఇంతకుముందు తినని పప్పు ఏదైనా ఉంటే ముందు కొంచెమే పెట్టి చూడండి, ఎలర్జీ ఉందేమో తెలుస్తుంది. ఇది చదివే మిగతా తల్లులకి కూడా, ఏడాది నిండని బిడ్డకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

పాతకాగితాలు:

మధ్యలో దూరుతున్నా, సారీ. ఈ మ్యూస్లీ పుట్టిన కథ చాలామందికి తెలీదు, తెలిస్తే ఎండు పండ్ల గొడవే ఉండదు. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో మాక్సిమిలియన్ బిర్చర్ బెన్నర్ అనే డాక్టర్ జ్యూరిక్‌లో తన దగ్గరికొచ్చే రోగుల కోసం చేయించిన వంటకం ఇది. అప్పటి దాంట్లో ఓట్స్ ఎంతో తెలుసా, ఒక్క పెద్ద చెంచా! దాన్ని ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టేవాళ్లు. గిన్నెలో ఎక్కువ భాగం ఆపిలే, తొక్కతో గింజతో సహా అప్పటికప్పుడు తురిమి, నిమ్మరసం పిండి, ఒక చెంచా పొడిచేసిన పప్పులు, కాస్త కండెన్స్‌డ్ మిల్క్. అంటే ఆయన ఉద్దేశంలో అది పండు వంటకం, ధాన్యం ఊరికే తోడు. మనం ఇప్పుడు దాన్ని తిరగేసి ధాన్యం గిన్నెలో ఎండుపండు చల్లుతున్నాం. నేను ఆ పద్ధతిలోనే చేసుకుంటా, కండెన్స్‌డ్ మిల్క్ తీసేసి పెరుగు వేసి, ఓట్స్ మాత్రం మూడు చెంచాలు, ఎందుకంటే ఒక్క చెంచాతో పదింటికే ఆకలేస్తుంది. ఆపిల్ తురిమిన వెంటనే నిమ్మరసం కలపాలి, లేకపోతే మీరు చెంచా వెతుక్కుని వచ్చేలోపే రంగు మారిపోతుంది.

మొలకలరాణి:

ఎవరూ ఫైటిక్ యాసిడ్ గురించి మాట్లాడట్లేదేంటి?? ఓట్స్ నానబెట్టకుండా తింటే అందులో ఫైటిక్ యాసిడ్ ఐరన్, జింక్ ఒంటికి పట్టనివ్వదు. రాత్రంతా నీళ్లలో నానబెడితే మొత్తం పోతుంది. అందుకే పొడి మ్యూస్లీ మీద పాలు పోసుకుని తినడం నా దృష్టిలో వేస్ట్.

పళ్లెంలెక్క:

రాణి గారూ, సగం నిజమే. ఫైటిక్ యాసిడ్ ఉన్నమాట, అది ఖనిజాలని పట్టి ఉంచేమాట నిజం. నానబెడితే తగ్గాలంటే గింజలోనే ఉండే ఫైటేజ్ అనే ఎంజైమ్ పనిచెయ్యాలి, ఓట్స్‌లో అది మామూలుగానే తక్కువ, పైగా ఫ్యాక్టరీలో ఆవిరి పట్టించేటప్పుడు ఆ వేడికి అది కాస్తా దెబ్బతింటుంది. కాబట్టి మామూలు నీళ్లలో రాత్రంతా ఉంచినా మొత్తం పోవడం జరగదు. నానితే మెత్తబడి తినడానికి అరగడానికి సులువు, అంతవరకు మంచిదే. ఐరన్ గురించే బెంగ అయితే పైన పాతకాగితాలు గారు చెప్పిన నిమ్మరసం, తాజా పండు ఎక్కువ పనికొస్తాయి, విటమిన్ సి ఉంటే ధాన్యంలో ఉన్న ఐరన్ బాగా పడుతుంది. అన్నిరకాలూ తినే మనిషికి రోజుకో గిన్నె మ్యూస్లీలో ఉన్న ఫైటిక్ యాసిడ్‌తో వచ్చే ఇబ్బంది పెద్దగా ఏం ఉండదు.

మొలకలరాణి:

ఓకే అండీ, ఎంజైమ్ సంగతి నాకు కొత్త. అయినా నేను నానబెట్టే తింటా, నాకు అలాగే ఇష్టం 🙂

బద్ధకంబాబు:

నానబెట్టే బ్యాచ్‌కి నాదో మాట. మ్యూస్లీకి రెండింతలు కంటే కొంచెం తక్కువ పాలు పోసి, ఫ్రిజ్‌లో పెట్టండి, బయట కాదు. చియా (నానితే ఉబ్బే సన్న గింజలు) వేస్తే పాలు ఇంకాస్త పెంచాలి, అది తన బరువుకి పదింతల నీళ్లు తాగుతుంది, లేకపోతే పొద్దున్నే గిన్నె బోర్లించినా కిందపడనంత గట్టిగా ఉంటుంది. పొడి చియా నోట్లో వేసుకుని నీళ్లు తాగే స్టైల్ మాత్రం వద్దు, గొంతులోనే ఉబ్బుతుంది. పప్పులు రాత్రి వెయ్యొద్దు, పొద్దున పైన చల్లుకోండి, కరకరలాడుతూ ఉంటాయి.

గోధుమపడనిది:

నాకు సీలియాక్ ఉంది, అంటే గోధుమ, బార్లీ, రై లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, కాబట్టి చిన్న హెచ్చరిక. ఓట్స్‌లో గోధుమలో ఉండే గ్లూటెన్ ఉండదు కాబట్టి పర్లేదు అని చాలామంది చెప్తారు, కానీ పొలంలో, మిల్లులో, ప్యాకింగ్‌లో గోధుమ, బార్లీ కలిసే అవకాశం ఎక్కువ. గ్లూటెన్ ఫ్రీ అని స్పష్టంగా రాసి ఉన్న ఓట్సే కొనాలి, చాలా దేశాల్లో దానికి పరిమితి కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు. అది కూడా కొంతమందికి పడదు, ఓట్స్‌లో అవెనిన్ అని వేరే ప్రోటీన్ ఉంటుంది, అందుకే డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. పైన చెప్పిన బార్లీ, రై ఫ్లేక్స్ మాలాంటివాళ్లు ముట్టుకోకూడదు, జొన్న ఫ్లేక్స్ వేసుకోవచ్చు, అది కూడా గోధుమ కలవనిదైతేనే.

వానచినుకు:

ఒక్క ప్రశ్న వేస్తే ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. నా ప్లాన్ చెప్తా, తేడా ఉంటే చెప్పండి. ఒక పెద్ద డబ్బాలో వేయించిన ఓట్స్, గింజలు, పప్పులు. వేరే సీసాలో కిస్‌మిస్, అది నాకూ మావారికీ మాత్రమే. నాన్నగారికి పెరుగు, ఆపిల్. బాబుకి అదే డబ్బాలోంచి తీసి మిక్సీలో ఒక తిప్పు తిప్పి పాలల్లో నానబెట్టి. ఇంకో రెండు చిన్న డౌట్లు మిగిలాయి, అవిసె గింజలు ఎలా వెయ్యాలి, గింజలుగానా పొడిగానా? మొత్తం కలిపాక ఎన్నాళ్లు ఉంటుంది? ఇంకా, మావారికి ఆ కొన్న డబ్బాలో ఉండే ఉండలు ఉండలుగా ఉన్నవి ఇష్టం, పంచదార లేకుండా అవి వస్తాయా?

సన్నసెగ:

బాబుకి మిక్సీలో వేసేటప్పుడు ఒక తిప్పుతో ఆపకండి, పప్పు ముక్కలు ఎక్కడో ఒకటి మిగిలిపోతాయి, పూర్తిగా పొడి అయ్యేదాకా తిప్పి చేత్తో ఒకసారి నలిపి చూడండి. వీలైతే వాడి కోసం పప్పులు లేకుండా ఓట్స్ విడిగా తీసిపెట్టుకుని పప్పుల పొడి వేరుగా కలిపితే ఇంకా నిశ్చింత.

ఉండలు కావాలంటే గుడ్డులో తెల్లసొన వాడొచ్చు. ఒక తెల్లసొన నురగ వచ్చేదాకా గిలకొట్టి 250-300 గ్రాముల మిశ్రమానికి బాగా పట్టించి, ట్రేలో పరిచి గరిటెతో గట్టిగా అదిమి, 150 డిగ్రీల దగ్గర 20-25 నిమిషాలు, మధ్యలో కదపకుండా. చల్లారాక విరిస్తే ముక్కలు వస్తాయి. బాండీలో మాత్రం ఇది రాదు, ఓవెన్ ఉండాలి. గుడ్డు తిననివాళ్లు మెత్తటి ఖర్జూరం పేస్ట్‌తో చేస్తారు గానీ అప్పుడు తీపి మళ్లీ వచ్చి చేరుతుంది.

గింజలడబ్బా:

అవిసె గింజలు గింజలుగా వేస్తే చాలావరకు నమలకుండానే లోపలికి పోయి అలాగే బయటికి వచ్చేస్తాయి, పైన గట్టి పొట్టు ఉంటుంది కదా. పొడి చెయ్యాలి. కానీ పొడి చేసింది డబ్బాలో కలిపెయ్యకండి. అందులో ఉండే ఒమేగా 3 నూనెకి గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, పాతనూనె వాసనొచ్చి డబ్బా మొత్తానికి పట్టేస్తుంది. వారానికి సరిపడా కొట్టుకుని చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నెలో మనిషికి ఒక చెంచా. మొదట్లో అరచెంచాతో మొదలుపెట్టి నీళ్లు బాగా తాగండి, పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరంగా ఉంటుంది. వాల్‌నట్స్‌కి కూడా ఇదే బాధ, పప్పులన్నిట్లోకీ తొందరగా వాసన వచ్చేది అవే, కొనేటప్పుడే ఒకటి కొరికి చూడండి, చేదుగా ఉంటే అప్పటికే పాతవి.

నిల్వ అంటే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వెలుతురు, స్టవ్ వేడి తగలని చోట మూడు నాలుగు వారాలు బాగుంటుంది, ఫ్రిజ్‌లో అయితే రెండు నెలల దాకా. అంతకంటే ఎక్కువ కలపకండి, నెలలో అయిపోయేంతే. తడి చెంచా పెట్టొద్దు. పాతది అడుగున ఉండగా కొత్తది పైన పొయ్యొద్దు, డబ్బా కడిగి బాగా ఆరబెట్టి అప్పుడు పోయండి, పురుగు పట్టేది ఎక్కువగా ఆ అడుగు పొడి దగ్గరే.

ఇంకొకటి, పొడుగు సీసా కంటే వెడల్పు డబ్బా తీసుకోండి. సన్న గింజలన్నీ కిందికి దిగిపోతాయి, మొదటి వారం అందరికీ ఉత్త ఓట్స్ వస్తాయి, చివర తినేవాళ్లకి నువ్వులు, గుమ్మడి గింజలు గుట్టగా వస్తాయి. తీసే ప్రతిసారీ అడుగు నుంచి ఒకసారి కలిపి తీసుకోండి.